చెట్టు మీద పుట్టే సైకాడ్

సైకాస్ మనకు కొత్త కాదు. పొట్టి ఈతచెట్టులా పార్కుల్లో, తోటల్లో కనిపిస్తుంది. శేషాచలం కొండల్లో సహజంగా పెరిగే సైకాస్ బెడ్డోమీ కూడా నేలలోనే వేళ్లూనుకుంటుంది. ప్రపంచంలో 350కి పైగా సైకాడ్ జాతులున్నాయి. దాదాపు అన్నిటి తీరూ ఇదే.

మధ్య అమెరికాలోని పనామా దేశపు వర్షారణ్యాల్లో మాత్రం ఒక సైకాడ్ పెద్ద చెట్ల కొమ్మల మీద బతుకుతుంది. దాని ఆకులు 2 మీటర్లకు పైగా పెరిగి కిందికి వేలాడతాయి. పేరు జామియా సూడోపారసిటికా. ‘సూడో’ అంటే ఉత్తుత్తి, ‘పారసైట్’ అంటే పరాన్నజీవి. చూపుకు పరాన్నజీవిలా ఉంటుంది కానీ కాదు అని పేరులోనే ఉంది. పేరు పెట్టినవారిని మెచ్చుకోవాలి!

తేడా ఏమిటి? మామిడి కొమ్మకు పట్టే బదనికను చూడండి. అది తన చూషకాలను కొమ్మలోకి దింపి, నీటినీ లవణాలనూ లాగేసుకుంటుంది. జామియా అలా చేయదు. చెట్టును నిలబడే చోటుగా మాత్రమే వాడుకుంటుంది. ఇలాంటి మొక్కలను వృక్షోపజీవులు అంటాం. మట్టి లేని చోట నత్రజని ఎలా? సైకాడ్ల ప్రవాళాభ వేళ్లలో ఉండే సయనోబాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థాపించి ఇస్తాయి.

అసలు చిక్కు గింజ దగ్గర వస్తుంది. ఆర్కిడ్ గింజలు ధూళిలాంటివి, గాలికి ఎగిరి కొమ్మ చేరతాయి. బదనిక గింజకు జిగురుంటుంది, పిట్టలు తెచ్చి అంటిస్తాయి. జామియా గింజ పెద్దది, బరువైనది. రాలితే తిన్నగా నేలకే. మరి ఇంకో చెట్టు మీదికి చేర్చేది ఎవరు?

పరిశోధకులు చెట్ల మీదే కెమెరాలు బిగించి చూశారు. గింజలను ఎత్తుకుపోతూ ఎక్కువగా చిక్కింది ఒలింగో. ఇది రకూన్ కుటుంబానికి చెందిన చిన్న జంతువు, రాత్రిపూట తిరుగుతుంది, చెట్ల మీదే కాలం గడుపుతుంది. అది వదిలేసిన గింజ నాచు పట్టిన కొమ్మ పంగలో పడితే అక్కడే మొలకెత్తవచ్చు.

ఇప్పుడు ఆలోచించండి. అడవిలో వెడల్పాటి దారి తీసి చెట్ల వరుస తెగితే, కొమ్మల మీదుగా నడిచే ఒలింగో ఆవలికి ఎలా వెళ్తుంది? అది వెళ్లకపోతే గింజ వెళ్లదు. జామియా ఉన్న చెట్టునే నరికితే దానితోపాటు ఇదీ కూలుతుంది. పనామాలో తప్ప ఈ జాతి మరే దేశంలోనూ సహజంగా పెరగదు.