చీనీతోట అమ్మి సీటు కొనవచ్చునా?

ప్రశ్న: మాది ఇడుపులపాయకు దాపున నున్న పల్లె. మా నాన్న వేముల ప్రక్క ముగ్గురాయి గనులలో 20 ఏండ్లు పనిచేసి, దగ్గు ముదిరినందున మానుకొన్నాడు. ఇప్పుడు మా కున్నది రెండెకరముల చీనీతోట. నేను బీయస్సీ నర్సింగు 62 శాతము మార్కులతో ముగించి, రెండేండ్లుగా ప్రొద్దుటూరిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా నున్నాను. రాత్రి డ్యూటీలో ఒక్కొక్కప్పుడు 30 మందిని నే నొక్కదాననే చూచుకొనవలసి వచ్చును. ఆ డ్యూటీల నడుమ చదివి ఎమ్మెస్సీ నర్సింగు ప్రవేశపరీక్ష వ్రాసితిని. అర్హతగీతను అంటీ అంటనట్లు దాటినాను గాని, ర్యాంకు నలుగురిలో చెప్పుకొనదగినది కాదు. మా పిన్నమ్మ కొడుకు ఇడుపులపాయ ట్రిపుల్‌ఐటీలో చదువుచున్నాడు, "అక్కా, ఈ ర్యాంకుకు సీటు యాడొస్తాది?" అని నవ్వుచున్నాడు. ఒక మధ్యవర్తి మాత్రము, కొంత సొమ్ము ముందుగా ఇచ్చినచో మేనేజిమెంటు సీటు ఖాయమనుచున్నాడు. నాన్న తోట అమ్ముదమనుచున్నాడు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రివారి బీరువాలో నున్నవి. అడిగితే ఇంకొక ఏడాది పనిచేసి పొమ్మనుచున్నారు. నేనేమి చేయవలెను?

— ఒక సోదరి, వేంపల్లె మండలము

జవాబు: తోట అమ్మవలదు తల్లీ. ముందు ఈ మాట చెప్పి, కారణములు వెనుక చెప్పెదను.

అర్హతగీతను దాటినవారికి, ర్యాంకు ఎంత అడుగున నున్నను, ఆరోగ్య విశ్వవిద్యాలయమువారి కౌన్సెలింగులో కన్వీనరు కోటా సీట్లకు ఆప్షన్లు పెట్టుకొను హక్కు కలదు. మొదటి విడతలో పేరున్న కాలేజీలు నిండిపోయి నీవంటివారికి నిరాశ కలిగినను, చేరినవారు మానుకొనుటచేతను, వేరొకచోట ఉద్యోగము దొరికి వెళ్లిపోవుటచేతను, కడపటి విడతలలో సీట్లు మిగులుట మన రాష్ట్రములో క్రొత్త సంగతి కాదు. మధ్యవర్తికి ఈ విషయము నీకంటె బాగుగా తెలియును. బహుశః నీకు సొమ్ము లేకయే దక్కదగినదానినే అతడు నీకు అమ్మజూచుచున్నాడు. ఒకవేళ మేనేజిమెంటు సీటే తీసికొనదలచినను, ఆ కాలేజీకి ఈ ఏడు ఎమ్మెస్సీకి, నీవు కోరు శాఖకు, అనుమతి యున్నదో లేదో విశ్వవిద్యాలయములోను రాష్ట్ర నర్సుల కౌన్సిలులోను స్వయముగా విచారింపక, రసీదు లేకుండ ఒక్క రూపాయి ఇయ్యకుము. చీనీమొక్క నాటినది మొదలు కాపుకు వచ్చువరకు నాలుగైదేండ్లు నీళ్లు మోసినవారి కష్టము ఆ మనుష్యుడెరుగడు.

ఇక ప్రవేశపరీక్షలో తక్కువ మార్కుల మాట. ఎమ్మెస్సీ చదువును తీర్చినవారు బీయస్సీలో 55 శాతము మార్కులను, కౌన్సిలులో రిజిస్ట్రేషనును కోరుటతో ఆగక, డిగ్రీ పిమ్మట కనీస మొక యేడాది రోగుల సేవలో గడపియుండవలెనని నియమము పెట్టుటలో, ప్రశ్నపత్రము కొలువలేని దొకటి కలదనియు, అది వార్డులోనే అబ్బుననియు వారెరిగియుండిరని నేననుకొనుచున్నాను. నీవు ఆ యేడాదికి బదులు రెండేండ్లు చేసితివి. శరీరశాస్త్రము, జీవరసాయనము, పోషణశాస్త్రము మొదలగు తొలియేటి పాఠములు ఈ రెండేండ్లలో నీ మనస్సునుండి జారిపోయియుండును. మార్కు పోయినది అక్కడనే యని నా ఊహ. మరల వ్రాయవలసి వచ్చినచో ముందుగా పట్టవలసినవి ఆ పుస్తకములే.

మీ తమ్ముని ఎగతాళికి ఒక్కమాట. 2008లో నెలకొల్పిన ఆ ట్రిపుల్‌ఐటీలో సాధారణముగా పదవ తరగతి మార్కులనుబట్టి సీట్లిచ్చుచు, సర్కారుబడి పిల్లలకు కొన్ని మార్కులు అదనముగా కలుపుదురు. సర్కారుబడిలో వచ్చిన తొంబదియు ప్రైవేటుబడిలో వచ్చిన తొంబదియు ఒకటి కావని తలచియే కదా ఆ ఏర్పాటు! అతడు సర్కారుబడినుండి వచ్చినవాడైనచో, అతని సీటులో ఆ కలిపిన మార్కుల పాలెంతయో అడిగి చూడుము.

అన్నిటికంటె నన్ను కలవరపెట్టినది నీ సర్టిఫికెట్ల సంగతి. కాలేజీలో చేరునాడు ఒరిజినల్స్ చేతిలో లేనిదే ర్యాంకు ఎంత గొప్పదైనను వ్యర్థము. ఒకరి చదువుకాగితములను బీరువాలో బంధించి చాకిరి చేయించుకొనుట న్యాయము కాదు. కాన పనిచేసిన తేదీలు వివరముగా చూపుచు, సర్టిఫికెట్లను, అనుభవపత్రమును ఇమ్మని యొక అర్జీ వ్రాసి, నకలుపై వారి ముద్ర వేయించుకొనుము. ముద్ర వేయనిచో రిజిస్టరు పోస్టులో పంపుము. అప్పటికిని కదలరేని కడపలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ యున్నది. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక అచ్చట ఉచితముగా న్యాయసహాయము దొరకును. పెక్కు ఆసుపత్రులు ఆ పేరు వినగానే బీరువా తాళముచెవి వెదకుకొనును.

ఎమ్మెస్సీ యెందుకు కావలయునో నీవు వ్రాయలేదు. కాలేజీలో ట్యూటరుకంటె పై పదవిలో పాఠము చెప్పదలచినచో ఆ డిగ్రీ లేనిదే జరుగదు, రెండేండ్లు వెచ్చింపుము. రోగి మంచముప్రక్కనే యుండుట నీకిష్టమైనచో, అత్యవసర చికిత్స, నవజాత శిశుసేవ మున్నగువానిలో ఏడాది డిప్లొమాలు కలవు. ఎయిమ్సు సంస్థలలో నర్సింగు ఆఫీసరు ఉద్యోగమునకు నార్‌సెట్ అను పరీక్ష కలదు, దానికి నీ బీయస్సీ చాలును. అమెరికా పోయినవారిని చూచి అచ్చట ప్రవేశపరీక్ష లేదట యని కొందరు చెప్పుదురు. జీఆర్‌ఈ అను ప్రవేశపరీక్షను అడుగని నర్సింగు కాలేజీలు అచ్చట చాలనున్నమాట నిజమే గాని, అచ్చట నర్సుగా పనిచేయుటకు ఎన్‌క్లెక్స్ అను లైసెన్సు పరీక్ష దాటవలెను, ఆపైని ఫీజు మీ తోటవంటివి పది అమ్మినను తీరునో లేదో!

నా మట్టుకు నేను, సీటు దొరికినచో సామాజిక ఆరోగ్య నర్సింగును తీసికొమ్మందును. పులివెందుల చుట్టుప్రక్కల ముగ్గురాయి, రాతినార గనులలో దుమ్ము మ్రింగి ఊపిరితిత్తులు చెడినవారి ఇండ్లకు పోయి విచారించుటకు, ఆ గని మనుష్యుల మాట తెలిసిన నీవంటి పిల్లకంటె తగినవా రెవరు? అర్హత యుండియు సంకోచించి ఆప్షన్లు పెట్టకుండుటే ఈ ర్యాంకుకంటె నీకు ఎక్కువ నష్టము.

ఇంతకును, మీ నాన్నగారి దగ్గు ముదిరినదంటివి గాని, ఎక్స్‌రే తీయించినట్లు నీ లేఖలో ఎక్కడను లేదు. ముప్పదిమందిని చూచుకొనుదానవు, ఇంటిలోనివానిని మరచితివా? నీకు సెలవు దొరికిన మొదటి దినమున కడప రిమ్సు ఆసుపత్రికి తీసికొనిపోయి, ఓపీ చీటీలో "ముగ్గురాయి గనిలో 20 ఏండ్లు" అని డాక్టరుచేత తప్పక వ్రాయింపుము; లేనిచో గనిదుమ్ము జబ్బును క్షయ యనుకొని దాని మందులిచ్చి పంపివేయుదురేమో.