బండ సందులో బతికే తపసి చెట్టు: గుట్ట భూమి ఉన్న రైతుకు ఒక పాఠం

మన తుక్కుగూడ, ఇబ్రహీంపట్నం దిక్కు చాలామంది పట్టా భూమిలో ఎంతో కొంత బండ ఉంటది. "ఇది పనికిరాదు, పేల్చేసి చదును చేద్దాం" అంటారు. ఆ పని చేసే ముందు తపసి చెట్టు గురించి తెలుసుకోండి. శాస్త్రీయ నామం స్టెర్క్యూలియా యూరెన్స్.

మట్టి లేకుండా ఎట్ల బతుకుతది?

1. బండ మీద పడ్డ వాన ఆగదు, జారి సందులోకి పోతది. దుమ్ము, రాలిన ఆకు కూడా అక్కడికే చేరతయి. తపసి వేరు ఆ సందు పట్టుకొనే లోపలికి దిగుతది.
2. చిన్న మొక్కకే తల్లివేరు గడ్డలెక్క ఊరుతది. వానాకాలంలో దాచుకున్న బలంతో ఎండాకాలం దాటుతది.
3. చలికాలంలో ఆకు మొత్తం రాలుస్తది. ఆకు లేకుంటే నీటి ఖర్చు తక్కువ. పూత కూడా ఆకు లేనప్పుడే వస్తది.

గుర్తుపట్టడం

తొక్క తెల్లగా, నున్నగా ఉండి కాగితం లెక్క పొరలు లేస్తది. ఐదు రెక్కల కాయ మీద గుచ్చుకునే నూగు ఉంటది. యూరెన్స్ అంటే లాటిన్‌లో మంట పుట్టించేది అని అర్థం. గుట్టల మీదనే ఉండే కొండగోగు వేరే చెట్టు, దానికి పెద్ద పసుపు పూలు పూస్తయి.

నాటే పద్ధతి

ఎండాకాలంలో పండిన కాయలను చేతికి తొడుగు వేసుకొని కోయండి. విత్తనాలకు బీజామృతం పట్టించి నీడలో ఆరబెట్టండి. మంచి వాన పడ్డాక సందుకు రెండు మూడు విత్తనాలు నేరుగా పెట్టి, పైన పిడికెడు ఎండు ఆకు కప్పండి. చిన్న కవర్లో పెంచితే తల్లివేరు చుట్టుకుపోతది, అందుకే నేరుగా విత్తడం మేలు. మొదటి రెండేండ్లు మేకలు తినకుండా ముళ్లకంప వేయాలి.

బంక తీసేటప్పుడు జాగ్రత్త

తపసి బంక ఆహార, మందుల తయారీలో వాడతారు. 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ దీన్ని గిరిజనుల దగ్గర కొంటూ వచ్చింది. కానీ ఎక్కువ బంక కోసం గొడ్డలితో లోతుగా నరకడం వల్ల ఎన్నో చెట్లు ఎండిపోయినయి. పదునైన కత్తితో తొక్క వరకే గీయాలి, కట్టె తాకొద్దు. పాత గాయం మానినాకే ఇంకోచోట గీయాలి. లేత చెట్టును అసలు ముట్టొద్దు.

ఇది రెండేండ్లలో డబ్బిచ్చే పంట కాదు. కానీ పేల్చిన బండ మళ్లీ రాదు, దాని సందులో ఇంకే నీళ్లూ రావు. ఈ వానాకాలం పది సందుల్లో విత్తి చూడండి. సందు ఎట్ల ఎంచుకోవాలో పై వీడియోలో చూపించిన.