అద్దం పగిలింది, క్లెయిమ్ వెయ్యాలా?

మా బెజవాడ పటమటలో కారుకి ఏమైనా అయితే ముందు ఫోన్ వెళ్లేది మెకానిక్కుకి. ఆటోనగర్ గేటు కూతవేటు దూరంలో ఉన్నప్పుడు అంతేగా మరి. ఇన్సూరెన్సు ఉందన్న సంగతి బిల్లు చేతికొచ్చాక గుర్తొస్తుంది. ఉద్యోగమంతా ఆటోనగర్‌లో ఓ బాడీ బిల్డింగ్ షెడ్డులో లెక్కలు రాసి, బిల్లులు కట్టి, సర్వేయర్లతో వాదించిన మనిషిని కాబట్టి ముందు అద్దం పగిలిన ప్రతివాడూ మా అరుగెక్కుతున్నాడు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెడుతోంది. అందుకని ఇలా రాసి పెడుతున్నా.

1. ముందు ఫొటో, తర్వాత ఫోను, ఆ తర్వాతే షెడ్డు.

హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు కంచికచర్ల దాటాక పరిటాల, దొనబండ క్వారీల టిప్పర్లు రోడ్డెక్కుతాయి. పైన పట్టా సరిగ్గా కప్పని టిప్పర్ వెనక పడ్డామా, చిప్స్ రాయి ఎగిరొచ్చి టక్కున తగులుతుంది. అప్పుడు బండి పక్కకి ఆపి, నంబరు ప్లేటు కనిపించేలా ఒక ఫొటో, పగులు దగ్గరగా ఒకటి, లోపలి నుంచి ఒకటి తియ్యండి. ఆ వెంటనే ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. వాళ్లు చూసే దాకా, లేదా వాళ్లు పంపిన లింకులో వీడియో చూపించే దాకా అద్దం తీయించకండి. తీసేసిన అద్దానికి డబ్బులు అడిగితే ఏం చూసి ఇస్తారు?

టిప్పర్ వాడి మీద కేసు పెడతానని ఆవేశపడేవాళ్లూ ఉంటారు. రాయి ఎవరి బండి నుంచి లేచిందో రుజువు చెయ్యడం మన తరం కాదు, వదిలెయ్యండి. ఎవరైనా కావాలని రాళ్లు రువ్వి పగలగొడితే మాత్రం స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, కంపెనీ అడుగుతుంది.

2. "ఇన్సూరెన్స్ ఉంది" అంటే చాలదు, ఏది ఉందో చూడండి.

చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ ఒక్కటే. అది మన బండి వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికి. మన అద్దానికి అందులోంచి రూపాయి రాదు. పాలసీ కాగితంలో "ఓన్ డ్యామేజ్" అన్న గడి, దాని పక్కన ప్రీమియం అంకె ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు మునిగినప్పుడు ఈ తేడా ఎంతటిదో చాలామందికి తెలిసొచ్చింది. ఓన్ డ్యామేజ్ ఉంటే రాయి తగిలినా, తుఫానుకి కొమ్మ విరిగిపడ్డా, పెరట్లో నిలిపిన కారు మీద కొబ్బరికాయ పడ్డా వర్తిస్తుంది.

3. క్లెయిమ్ వేసే ముందు కాగితం, పెన్ను తీసుకోండి.

అసలు పాఠం ఇదే. మా వీధి కుర్రాడొకడు వచ్చాడు. "బాబాయ్ గారూ, ఏటేటా కడుతూనే ఉన్నాం, ఇప్పుడైనా వాడుకోకపోతే ఎలా?" అన్నాడు. నీ నో క్లెయిమ్ బోనస్ ఎంతరా అంటే తెల్లమొహం వేశాడు.

క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. రెండో ఏడు 25, మూడు 35, నాలుగు 45, అయిదేళ్లకి 50 శాతం. అక్కడితో ఆగుతుంది. ఒక్క క్లెయిమ్ వేస్తే, అది చిన్న అద్దమైనా సరే, వచ్చే రెన్యువల్‌కి సున్నా. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

బోనస్ తగ్గించకముందు ప్రీమియం 10,000 అనుకోండి. మీకు 50 శాతం ఉంటే కట్టేది 5,000. క్లెయిమ్ వేశాక మొదటి ఏడు 10,000 కట్టాలి, అంటే 5,000 నష్టం. రెండో ఏడు 8,000, నష్టం 3,000. మూడో ఏడు 7,500, నష్టం 2,500. నాలుగో ఏడు 6,500, నష్టం 1,500. అయిదో ఏడు 5,500, నష్టం 500. మొత్తం 12,500. దీని మీద జీఎస్టీ 18 శాతం కలిపితే 14,750. ఇది కాక ప్రతి క్లెయిమ్‌లోనూ మన వాటా కింద 1500 సీసీ వరకు ఇంజిన్ ఉన్న కారుకి 1,000, అంతకు మించితే 2,000 కోస్తారు. కారు పాతబడే కొద్దీ దాని విలువతోపాటు ప్రీమియమూ తగ్గుతుంది గనక ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే.

చిన్న కారుకి ఆటోనగర్‌లో అద్దం బిగింపుతో సహా ఈ మొత్తం కంటే తక్కువలో అయిపోయే పనైతే జేబులోంచి పెట్టుకుని బోనస్ కాపాడుకోవడమే తెలివి. పెద్ద కారుకి, అద్దం వెనక కెమెరా, వాన సెన్సరు ఉన్నవాటికి లెక్క తిరగబడుతుంది. అప్పుడు నిస్సంకోచంగా క్లెయిమ్ వెయ్యండి. కొత్త కారు, బోనస్ ఇంకా మొదలే కాలేదంటే పోయేది తక్కువే. నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్ట్ అని అదనంగా కొన్నవాళ్లు ఆ షరతులు ఓసారి చదవండి. ఏడాదికి ఎన్ని క్లెయిములు వదిలేస్తారో, గాజు పనిని లెక్కలోకి తీసుకుంటారో లేదో కంపెనీకో రకంగా ఉంటుంది.

కుర్రాడు లెక్క వేసుకుని క్లెయిమ్ మానేశాడు. వాళ్ల నాన్న మాత్రం ఇప్పటికీ నా మీద గుర్రుగా ఉన్నాడు, ఇన్సూరెన్స్ ఉండి సొంత డబ్బు పెట్టించానని.

4. గాజుకి తరుగు లేదు, దాని చుట్టూ ఉన్నవాటికి ఉంది.

పాత బండ్లకి ఇనప సామాను మీద వయసుని బట్టి తరుగు తీస్తారు, 10 ఏళ్లు దాటితే సగం. రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ సామానుకి బండి కొత్తదైనా 50 శాతం కోత. గాజుకి మాత్రం తరుగు సున్నా. అందువల్ల పైన చెప్పిన మన వాటా పోను అద్దం ధరంతా వస్తుంది. చుట్టూ ఉండే బీడింగ్, వైపర్ల కింది ప్లాస్టిక్ పట్టీ సగానికి సగం. అతికించే సీలెంటు, ప్రైమరు కన్స్యూమబుల్స్ కింద లెక్కేసి తీసేస్తారు, కన్స్యూమబుల్స్ యాడ్-ఆన్ అదనంగా కొని ఉంటే తప్ప. క్యాష్‌లెస్ అన్నారు కదా మళ్లీ ఈ బిల్లేంటని కౌంటరు దగ్గర గొంతు పెంచేవాళ్లని చూశాను. ఎస్టిమేట్ రోజునే "కంపెనీ ఎంత, నేనెంత" అని అడిగి కాగితం మీద రాయించుకుంటే ఆ గొడవే ఉండదు.

5. చిన్న చుక్కని ఎండలో వదిలెయ్యకండి.

రూపాయి బిళ్ల కంటే చిన్న దెబ్బ, డ్రైవరు చూపుకి అడ్డం రానిచోట, అంచుకి దూరంగా ఉంటే రెజిన్ ఎక్కించి ఆపవచ్చు. అందులో దుమ్ము, నీళ్లు చేరకముందే చెయ్యాలి, పైన పారదర్శకంగా ఉండే టేపు ముక్క వేస్తే చాలు ఆ రోజుకి. మే నెల బెజవాడ ఎండలో నిలిపిన బండి ఎక్కి, ఏసీ గాలి నేరుగా అద్దానికి పెట్టారంటే చుక్క కాస్తా ఆ చివరి నుంచి ఈ చివరికి నెర్రె ఇస్తుంది. కాలిన అద్దం మీద చన్నీళ్లు పొయ్యడమూ అంతే. పగులు అంచుని తాకిందంటే ఇక మార్చాల్సిందే.

6. అద్దం మూల మీద రాసింది చదవండి.

ముందు అద్దం ఒక్క గాజు పలక కాదు. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గాజు. ఫ్రాన్స్‌లో ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అనే ఆయన 1909లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, మొహం మీద పడవు. పక్క అద్దాలు టెంపర్డ్, అవి పగిలితే కలకండ పలుకుల్లా రాలిపోతాయి. కొత్త అద్దం మూల మీద తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అన్న సంఖ్య, లామినేటెడ్ అన్న మాట ఉండాలి. బిల్లులో ఒక కంపెనీ పేరు, గాజు మీద ఇంకోటి ఉంటే బండి దించకండి. ఒరిజినల్ అని చెప్పి వేరేది బిగించిన చోట నేనే నిలబడి తీయించాను.

కొత్త అద్దమే కదా అని నల్ల ఫిల్ము వేయించబోకండి. సుప్రీంకోర్టు 2012లోనే నల్ల ఫిల్ముల్ని కాదంది. ముందు అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలన్నది నిబంధన.

7. బిగిస్తున్నప్పుడు పక్కనే ఉండండి.

టీ తాగొస్తానని వెళ్లిపోకండి. చూడదగ్గ పని అది. ముందు వైపర్లు, బీడింగ్ తీస్తారు. పాత సీలెంటులో సన్నటి తీగ గుచ్చి, ఒకడు లోపల, ఒకడు బయట కూర్చుని రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ చుట్టూ కోసుకొస్తారు. తొందర మనిషైతే తీగ డ్యాష్‌బోర్డుని గీస్తుంది, పిల్లరు మీద రంగు లేపుతుంది. రంగు లేచిన చోటు అలాగే వదిలేస్తే రెండు వానాకాలాలు గడిచేసరికి లోపల తుప్పు మొదలై నీళ్లు కారతాయి. అక్కడ ప్రైమరు పూయమని అడగండి. మంచి పనివాడు పాత సీలెంటుని మొత్తం గీకెయ్యడు, పల్చటి పొర సమంగా ఉంచి దాని మీదే కొత్తది వేస్తాడు. గన్నుతో తీసే ఆ నల్లటి ధార ఎక్కడా తెగకూడదు. తెగి మళ్లీ మొదలెట్టిన చోటే వాన నీటికి దారి.

ఇంత పట్టింపు ఎందుకంటే, బండి బోల్తా పడితే పైకప్పు నలిగిపోకుండా ఆపేవాటిలో ఈ అద్దం ఒకటి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ చాలా కార్లలో తెరుచుకునేటప్పుడు దీనికే ఆనుకుంటుంది. సీలెంటు ఆరకముందే బండి నడిపితే అదంతా ఉత్తుత్తిదే. ఎన్ని గంటలు ఆగాలో సీలెంటు రకాన్ని బట్టి ఉంటుంది, అడిగి తెలుసుకోండి. ఆ రోజంతా టేపులు పీకకండి, ఒక కిటికీ వేలెడంత దించి ఉంచండి, తలుపులు ధడాలున వెయ్యకండి, వాటర్ సర్వీసుకి పంపకండి. అద్దం వెనక డ్రైవరుకి సాయపడే కెమెరా ఉంటే దాన్ని మళ్లీ సరిచూసే ఖర్చు ఎస్టిమేట్‌లోనే రాయించండి.

8. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు పాలసీ పేరు చూసుకోండి.

ఆర్సీ మార్పించుకుని పాలసీ పాత ఓనరు పేరునే వదిలేసేవాళ్లు బోలెడంతమంది. కొన్న 14 రోజుల్లోగా కంపెనీకి అర్జీ పెట్టుకోవాలి. లేకపోతే సొంత బండి నష్టానికి క్లెయిమ్ నిలవదు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషితో పోయేది, బండితో వచ్చేది కాదు.

9. క్లెయిమ్ కుదరదంటే కారణం రాతపూర్వకంగా అడగండి.

2024 జూన్‌లో ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సర్వేయరుని 24 గంటల్లో కేటాయించాలి, 15 రోజుల్లో అతని రిపోర్టు తెప్పించుకోవాలి, అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చి చెప్పాలి. ఫోన్లో కుదరదంటే కుదరదు, కారణం కాగితం మీద ఇమ్మనండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి పంపొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాది లోపు వెళ్లాలి.

10. ఫాస్టాగ్ సంగతి అందరూ మరిచిపోతారు.

పాత అద్దంతోపాటు స్టిక్కరూ పోతుంది. పీకి కొత్త అద్దానికి అంటిద్దామంటే చిరుగుతుంది, చదవదు. పీకిన ముక్కని చేత్తో చూపిద్దామంటే, అలా అద్దానికి అంటించని ట్యాగుల్ని బ్లాక్‌లిస్టులో పెడుతున్నారు. అద్దం బుక్ చేసిన రోజునే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకి చెప్పి మార్పిడి ట్యాగ్ అడగండి. అది వచ్చేదాకా గుంటూరు పనులు పెట్టుకోకండి. పెట్టుకున్నారో, కాజ టోల్‌గేటు దగ్గర యూపీఐతో ఒకటింబావు రెట్లు కట్టాలి. ఆ రసీదు ఏ ఇన్సూరెన్స్ కంపెనీ తీసుకోదు.