తవుడు నూనె: మంచి దక్కాలంటే

ఊక పోయిన ముడిబియ్యానికి పాలిష్ పట్టేటప్పుడు రాలేదే తవుడు. అందులో సుమారు ఆరో వంతు నూనె ఉంటుంది. ఉప్పుడు బియ్యం తవుడులో ఇంకాస్త ఎక్కువే. ఒకప్పుడు గేదెల కుడితిలో కలిసిన ఈ తవుడు నుంచి తీసిన నూనెనే ఇప్పుడు రైస్‌బ్రాన్ ఆయిల్ పేరుతో కొంటున్నాం. గుండెకు మంచిదన్న మాట విని చాలా ఇళ్లు దీనికి మారాయి. ఆ మాటలో నిజముంది. అయితే ఆ మంచి మనకు దక్కాలంటే నూనెను శుద్ధి చేసిన పద్ధతి బాగుండాలి, మన వంటింటి అలవాట్లూ బాగుండాలి.

చేయవలసినవి

కొనేముందు ప్యాకెట్ వెనుక చదవండి. ఈ నూనెలో ఒలీయిక్ ఆమ్లం 40 శాతం, లినోలీయిక్ ఆమ్లం 30 నుంచి 35 శాతం, సంతృప్త కొవ్వు 20 శాతం దాకా ఉంటాయి. ఈ లెక్కలో ఇది మన వేరుశనగ నూనెకు దగ్గర చుట్టమే. దీని ప్రత్యేకతంతా ఒరైజనాల్ అనే పదార్థంలో ఉంది. మనం తిన్న ఆహారంలోని కొలెస్ట్రాల్‌ను పేగులు పీల్చుకోకుండా అది కొంత అడ్డుపడుతుంది. దానివల్ల చెడు కొలెస్ట్రాల్ ఓ మోస్తరుగా తగ్గుతుంది. విటమిన్ ఇ జాతికి చెందిన టోకోట్రయినాల్స్ కూడా ఇందులో ఉన్నాయి.

చిక్కంతా శుద్ధి దగ్గరే. మిల్లులో తవుడు రాలిన క్షణం నుంచే అందులోని లైపేజ్ అనే ఎంజైమ్ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆమ్లత్వం పెరిగి ముక్క వాసన పట్టుకుంటుంది. ఆ ఆమ్లాన్ని తీయడానికి క్షారం కలిపితే, సబ్బులా విడిపోయే మడ్డితో పాటు ఒరైజనాల్‌లో చాలా భాగం కొట్టుకుపోతుంది. ఆవిరితో ఆమ్లాన్ని వెళ్లగొట్టే ఫిజికల్ రిఫైనింగ్‌లో మాత్రం అది చాలావరకు నిలుస్తుంది. దీనికి ముందు నూనెలోని జిగురును ఎంజైమ్‌తో తొలగించే పద్ధతిని హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు. అందుకే లేబుల్ మీద ‘ఫిజికల్లీ రిఫైన్డ్’ అన్న మాటనూ, ఒరైజనాల్ అంకెనూ వెతకండి. పది వేల పీపీఎం అంటే ఒక శాతం. అంకె ఎక్కడా కనిపించకపోతే, నేనైతే ఆ ప్యాకెట్‌కు ఎక్కువ డబ్బు పెట్టను.

నెల మొదట్లోనే నూనె కొలిచి పెట్టుకోండి. మనిషికి రోజుకు 25 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు మూడు కిలోలు, అంటే లీటరు ప్యాకెట్లు మూడు, ఇంకో పావు చిల్లర. నెయ్యీ వెన్నా వాడితే అవీ ఈ లెక్కలోనివే. ఏ నూనె అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలే. గుండెకు మంచిదని పోపులో రెండు గరిటెలు ఎక్కువ పోస్తే వచ్చేది బరువు.

ఈ నూనెలో ఒమేగా-3 నామమాత్రమే. చేపలో, అవిసె గింజల పొడో కంచంలో ఉండాలి. నువ్వుల నూనె, వేరుశనగ నూనె కూడా మార్చి మార్చి వాడుకోండి. ఒకే నూనెకు కట్టుబడాల్సిన పనిలేదు.

చేయకూడనివి

తక్కువకు వస్తోందని విడి నూనె కొనకండి. దానిలో ఏం కలిసిందో కంటికి తెలియదు. ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న అక్షరాలు చూసి మురిసిపోకండి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనైనా దాని ఊసే ఉండదు. ముందువైపు వరి కంకి బొమ్మ ఉన్నా, వెనుక ‘బ్లెండెడ్’ అని ఉంటే ఏ నూనె ఎంత శాతమో చూడకుండా బుట్టలో వేయకండి.

ఈ నూనె 230 డిగ్రీల దగ్గర గానీ పొగ రాదు కనుక వేపుళ్లకు బాగా పనికొస్తుంది. అలాగని గారెలు వేసిన నూనెలోనే మర్నాడు బజ్జీలు, ఎల్లుండి అప్పడాలు వేయించకండి. మూకుడు అడుగున మాడిన మినప్పిండి నలకలు ఉంటాయి చూడండి, మళ్లీ కాచినప్పుడు నూనె త్వరగా పాడవడానికి అవీ కారణమే. చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల్లోకి వాడేయండి. వాడిన నూనెలో, కాగేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారేయాలన్న ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 నుంచి అమల్లో ఉంది. ఇంట్లో వాటిని కొలిచే యంత్రం ఉండదు కనుక రంగు నల్లబడినా, జిగురుగా మారినా, నురగ కట్టి అణగకపోయినా వదిలేయండి. కొత్త నూనెలో పాతది కలపకండి, సింకులోకీ వంచకండి.

పొయ్యి పక్కన, ఎండ తగిలే కిటికీలో సీసా పెట్టకండి.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు చల్లకండి, మంట ఎగిరి మీద పడుతుంది. మూకుడును ఎత్తి బయటికి తీసుకెళ్లే ప్రయత్నమూ వద్దు. స్టవ్ ఆపి పెద్ద మూత బోర్లించి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి.

తవుడు నూనె వాడుతున్నామని కొలెస్ట్రాల్ మాత్ర మానేయకండి. నూనెతో తగ్గేది కొద్దిగానే, డాక్టర్ రాసిన మందు చేసే పని అది చేయలేదు. మూడు నెలలు నూనె కొలత పాటించి రక్త పరీక్ష చేయించుకోండి, మాత్ర మోతాదు మార్చాలో వద్దో ఆ కాగితం చూసి డాక్టరే చెబుతారు.