రౌటర్‌ని సెన్సర్ చేతికి ఇచ్చేముందు
అలర్టులు వస్తుంటే చూస్తూ కూర్చున్నామేంటి, బ్లాకింగ్ ఆన్ చెయ్యమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. చెయ్యాల్సిందే. కానీ సిస్కో ఐపీఎస్ సెన్సర్లు ఇంకా నడుస్తున్న చోట బ్లాకింగ్ అంటే సెన్సరే రౌటర్‌లోకి లాగిన్ అయ్యి, ఇంటర్‌ఫేస్ మీద ఏసీఎల్ రాయడం. అంటే మీ రౌటర్‌కి ఇంకో అడ్మిన్ వచ్చినట్టే. మీ ఆఫీసు సంగతులు ఆ అడ్మిన్‌కి తెలియవు, మీరే చెప్పాలి.

లాగిన్ టెల్నెట్‌లో వద్దు, ఎస్‌ఎస్‌హెచ్ పెట్టండి. రౌటర్ హోస్ట్ కీని సెన్సర్‌లో ముందే చేర్చండి. అది లేకపోతే పాస్‌వర్డ్ ఎంత కరెక్టుగా ఉన్నా కనెక్షన్ కుదరదు.

అసలు చిక్కు ఏసీఎల్ దగ్గరే. ఒక ఇంటర్‌ఫేస్‌కి ఒక దిశలో ఒక్క ఏసీఎలే పడుతుంది. సెన్సర్ తనది తగిలించగానే మీరు రాసుకున్నది పక్కకు పోతుంది. నేను పనిచేసిన ఒక చోట ఇదే జరిగింది. బయటినుంచి డేటాబేస్ పోర్టుకి ఎవరూ రాకుండా పాత లిస్టులో ఒక డినై లైను ఉండేది. దాన్ని సెన్సర్‌కి చెప్పడం నేను మర్చిపోయాను. సెన్సర్ తన లిస్టు చివర 'పర్మిట్ ఐపీ ఎనీ ఎనీ' పెట్టుకుంది. ఏదీ ఆగలేదు కాబట్టి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. మూడు రోజుల తర్వాత లిస్టు చదువుతుంటే నా కంటపడింది.

అందుకే పాత లిస్టును రెండుగా విడదీసి రౌటర్‌లోనే రాసిపెట్టండి, ఆ పేర్లు సెన్సర్‌కి ఇవ్వండి. మొదట సెన్సర్ తన సొంత అడ్రస్‌కి పర్మిట్ రాసుకుంటుంది. తర్వాత మీ ప్రీ-బ్లాక్ ఏసీఎల్, దాని కింద బ్లాకులు, చివర పోస్ట్-బ్లాక్ ఏసీఎల్. ఎప్పటికీ ఆగకూడనివి ప్రీలో, మిగతా రూల్స్ అన్నీ పోస్ట్‌లో. ప్రీలో వెడల్పాటి పర్మిట్ ఒక్కటి పడిందంటే కింద ఎన్ని డినైలు ఉన్నా దండగే.

నెవర్-బ్లాక్ లిస్టు నింపకుండా ఏ సిగ్నేచర్‌కీ బ్లాక్ యాక్షన్ ఇవ్వకండి. యూడీపీలో దొంగ సోర్స్ అడ్రస్ పెట్టడం తేలిక. ఎవడో మీ డీఎన్‌ఎస్ సర్వర్ పేరు మీద చెత్త పంపితే, మీ సెన్సరే మీ డీఎన్‌ఎస్‌ని ఆపేస్తుంది. మొబైల్ నెట్‌వర్క్‌ల నుంచి వచ్చే కస్టమర్ల విషయమూ అంతే. ఒకే పబ్లిక్ ఐపీ వెనక చాలామంది ఉంటారు, ఒకడి తప్పుకి అందరూ ఆగిపోతారు. డిఫాల్ట్ బ్లాక్ సమయం 30 నిమిషాలు. నమ్మకం కుదిరేదాకా దాన్ని పెంచకండి.

రెండు సెన్సర్లు ఉంటే రౌటర్‌ని ఒక్కదానికే అప్పగించి, దాన్ని మాస్టర్ బ్లాకింగ్ సెన్సర్ చెయ్యండి. రెండోది దానికి చెప్పుకుంటుంది. రెండూ ఒకే ఇంటర్‌ఫేస్ మీద రాస్తే ఒకదాని లిస్టును ఇంకొకటి చెరిపేస్తుంది.

మేనేజర్‌కి ఒక మాట మెయిల్‌లో రాసిపెట్టండి. సెన్సర్ చూసి, రౌటర్‌లో రాసేలోపు మొదటి ప్యాకెట్లు లోపలికి వెళ్లిపోతాయి. ఒక్క ప్యాకెట్‌తో పనయ్యే దాడిని ఇది ఆపలేదు. దానికి ఇన్‌లైన్ మోడ్ కావాలి.

మొదలుపెట్టేటప్పుడు రెండు మూడు నమ్మకమైన సిగ్నేచర్లు చాలు. ముందు ఒక టెస్ట్ మెషీన్ ఐపీని చేత్తో బ్లాక్ చేసి, రౌటర్‌లో డినై లైను పడిందా, తీసేశాక పోయిందా చూడండి. సెన్సర్‌లో 'షో స్టాటిస్టిక్స్ నెట్‌వర్క్-యాక్సెస్' కొట్టి, రౌటర్ స్టేట్ యాక్టివ్ అని ఉందో లేదో చూసుకోండి. ఇంకో పని, రౌటర్ పాస్‌వర్డ్ మార్చే చెక్‌లిస్టులో సెన్సర్‌ని కూడా చేర్పించండి. రౌటర్ టీమ్ పాస్‌వర్డ్ మార్చి మీకు చెప్పకపోతే అలర్టులు మామూలుగానే వస్తుంటాయి, కొత్త బ్లాక్ ఒక్కటీ పడదు.