కొండ దిగేటప్పుడు తెలుస్తుంది
(సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు కొనేవారు చేయవలసినవి, చేయకూడనివి)

తిరుపతిలో సెకండ్ హ్యాండ్ కారు అడిగితే బ్రోకరు నోట ముందు వచ్చే మాట పికప్. "ఏసీ వేసి ఐదుగురు కూర్చున్నా కొండకు దూసుకుపోతుంది సార్" అంటాడు. అబద్ధమేమీ కాకపోవచ్చు. గత పదేళ్ళలో వచ్చిన చిన్న టర్బో పెట్రోలు కార్లు నిజంగానే చురుకైనవి. కొత్తవి కొనలేనివాళ్ళకు అవే ఇప్పుడు సగం ధరకు అందుతున్నాయి. కాకపోతే బ్రోకరు ఎక్కడం గురించే చెబుతాడు, దిగడం గురించి చెప్పడు. తిరుమల, మొగిలి, భాకరాపేట ఘాట్ల మధ్య బతికే మనం అడగాల్సింది దిగడం గురించే.

ఒక చిన్న లెక్క చూడండి. తిరుమల అలిపిరికి దాదాపు 650 మీటర్ల పైన ఉంది. మనుషులతో కలిపి 1,300 కిలోల కారు అంత ఎత్తు నుంచి దిగిందంటే, పాతిక లీటర్లకు పైగా నీళ్ళను మరిగించేంత వేడి ఎక్కడో ఒకచోట తేలాలి. కొంత గాలికి పోతుంది, కొంత ఇంజను పట్టుకుంటుంది, మిగిలిందంతా బ్రేకుల మీదే. ఇక్కడే లీటరు టర్బోల గుట్టు ఉంది. ఎక్కేటప్పుడు టర్బో తోడై పెద్ద ఇంజనులా లాగుతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలేస్తే టర్బోకు పని లేదు, కారును పట్టి ఆపడానికి మిగిలేది ఉత్త లీటరు ఇంజనే. అందుకే చురుకైన చిన్న కారుకు బ్రేకులు మరీ బాగుండాలి.

చేయవలసినవి

మోడలు పేరుకంటే ముందు తయారైన నెల, సంవత్సరం చూడండి. ఆర్సీలోనే ఉంటుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి ప్రతి కొత్త కారుకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అదే ఏడాది జూలై 1 నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ముందు సీట్లకు బెల్టు హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సార్లు వచ్చాయి. పక్క సీటు ఎయిర్‌బ్యాగు అన్ని మోడళ్ళకూ రావడానికి 2021 డిసెంబరు 31 దాకా పట్టింది. 2018 నాటి బేసిక్ వేరియంటులో ఇవేవీ లేకపోవచ్చు. కడిగి, పాలిష్ పట్టి నిలబెడితే 2018 బండికీ 2020 బండికీ తేడా కంటికి కనపడదు. 2019 జూలైకి ముందువైతే ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న పై వేరియంటే తీసుకోండి. బేసిక్ అయితే ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.

క్రాష్ టెస్టు నక్షత్రాలు చూసేటప్పుడు వేరియంటు కూడా చూడాలి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని ఫోక్స్‌వ్యాగన్ పోలోకు సున్నా, రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. పేరొకటే, బాడీ ఒకటే. చురుకుదనంలో హ్యుందాయ్ నియోస్ టర్బోను మించింది ఆ ధరలో దొరకడం కష్టం: 100 హార్స్‌పవర్, 172 న్యూటన్‌మీటర్ల టార్క్. కానీ 2020లో నియోస్‌కు వచ్చినవి రెండే నక్షత్రాలు. అదే ఏడాది టాటా టియాగోకు నాలుగు, ఆల్ట్రోజ్‌కు ఐదు. రోజూ తిరుపతి నుంచి చిత్తూరుకు ఉద్యోగానికి పోయివచ్చే మనిషి నన్నడిగితే ఆల్ట్రోజ్ ఐటర్బో గానీ, 2020-22 మధ్య పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్ గానీ చూడమంటాను. పోలో 2022లో ఆగిపోయింది. ఫోర్డ్ 2021లోనే ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటివి కొనేముందు సర్వీసు ఎక్కడ చేయించాలో, స్పేర్లు చెన్నై నుంచి తెప్పించుకోవాలో కనుక్కున్నాకే బేరం మొదలుపెట్టండి. ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్ అయితే మరో మాట: దాని టైమింగ్ బెల్టు ఇంజనాయిల్లో తడుస్తూ తిరుగుతుంది. సమయానికి సరైన ఆయిల్ మార్చిన బిల్లులు లేకపోతే ఆ ఇంజను జోలికి పోవద్దు.

టెస్ట్ డ్రైవు కొండకు వేయండి. షోరూం చుట్టూ ఒక రౌండు కొట్టిస్తే తెలిసేది ఏసీ చల్లదనం ఒక్కటే. ముందు ఊళ్ళో ఖాళీ రోడ్డు మీద బ్రేకులు గట్టిగా నొక్కి చూసి, ఇన్సూరెన్సు కాలం తీరలేదని నిర్ధారించుకుని, "స్వామిని దర్శించుకుని వద్దాం పదన్నా" అని అమ్మేవాణ్ణి కూర్చోబెట్టుకోండి. స్వామి పేరు చెబితే కాదనేవాడు ఈ ఊళ్ళో ఉండడు. దిగే దారి 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు. 19 కిలోమీటర్లు, 36 మలుపులు. టీటీడీ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని నియమం పెట్టింది, ముందే చేరితే జరిమానా. పికప్ చూపించుకోవడానికి అది చోటు కాదు, బండి గుణం చూడటానికి మాత్రం దాన్ని మించింది లేదు.

దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి, మలుపుకు ముందు బ్రేకు గట్టిగా నొక్కి వదలండి. పాదం కింద పెడల్ ఎలా ఉందో గమనించండి. మొదటి మలుపులో నిలబడిన చోటే ఇరవయ్యో మలుపులోనూ నిలబడాలి. కిందికి వచ్చేకొద్దీ పెడల్ లోతుకు పోతోందంటే, మెత్తగా స్పాంజిలా అవుతోందంటే బ్రేకాయిల్ పాతబడి నీరు పట్టిందని అర్థం. బ్రేకాయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తాజా డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరగవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు, పెడల్ నొక్కితే బుడగలు నలుగుతాయే తప్ప చక్రం ఆగదు. పెడల్ బాగున్నా స్టీరింగ్ వణికితే డిస్కులు వంకరపోయాయి. అలిపిరిలో దిగాక నాలుగు చక్రాల దగ్గరా ముక్కు పెట్టి చూడండి. ఒక్క చక్రం దగ్గరే కాలిన వాసన ఘాటుగా ఉంటే ఆ క్యాలిపర్ బిగుసుకుని ఉంది. ఇవన్నీ రిపేరయ్యేవే, బేరంలో తగ్గించుకోండి. బాలెనో ఆర్ఎస్ అయితే మాత్రం ఇంకొకటి అడగాలి. బ్రేకుకు తోడ్పడే వాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని మారుతి 2023 ఏప్రిల్‌లో 7,213 బాలెనో ఆర్ఎస్ కార్లను వెనక్కి పిలిచింది. ఆ పంపు చూపించిన కాగితం లేకపోతే ముందు చాసిస్ నంబరు పట్టుకుని సర్వీస్ సెంటరుకు వెళ్ళండి.

పికప్ కూడా చూడాలి, కాదనను. తోతాపురి కోతల కాలంలో పీలేరు, మదనపల్లె దారుల్లో కాయల ట్రాక్టర్లు, చెరకు బండ్లు వెనక లైటు లేకుండా పోతుంటాయి. వాటిని దాటడానికి కావలసింది సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు అన్నది కాదు. మూడో గేరులో, 40 నుంచి 80కి, నలుగురు కూర్చుని ఏసీ వేసి ఉండగా ఎంత తొందరగా అందుకుంటుందో చూడండి. టర్బో కారు కింది ఆర్‌పీఎంలో ఒక్క క్షణం తటపటాయించి తర్వాత ఎగురుతుంది. ఎదురుగా లారీ వస్తుండగా ఆ క్షణం సంగతి మొదటిసారి తెలియడం మంచిది కాదు.

వరదలో మునిగిన బండేమో పట్టుకోండి. మన దగ్గరికి సెకండ్ హ్యాండ్ కార్లు చెన్నై నుంచి బాగా వస్తాయి. చెన్నై 2015 డిసెంబరులో, మళ్ళీ 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో మునిగింది. మన తిరుపతే 2021 నవంబరులో మునిగింది కదా! సీటు బెల్టును చివరికంటా లాగండి. రోజూ బయటికి రాని ఆఖరి అడుగులో మట్టి గీత ఉంటే ఆ బండి మునిగిందే, ఇంకేమీ అడగక్కర్లేదు. బెల్టు మార్చేసి ఉంటే దాని కింద కుట్టిన చీటీ మీద తేదీ కారు తేదీకి కలవదు. సీటు కింది పట్టాల బోల్టులకు తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంటలో ఎండిన ఒండ్రు, హెడ్‌లైటు లోపల నీటి చార కూడా చూడండి. సెంటు వాసన మరీ గుప్పుమంటే అనుమానించండి. మునిగిన బండి ఇవాళ నడుస్తుంది. ఏడాది తర్వాత ఏ ఘాట్ మలుపులోనో వైరింగ్ తుప్పు పట్టి ఏబీఎస్ ఆగిపోతుంది.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే ఇంకా అనుమానం, ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగును మళ్ళీ పెట్టకుండా లైటు పీకేసి ఉండవచ్చు. పాత హోండా సిటీ, జాజ్ కొనేవాళ్ళు కంపెనీ వెబ్‌సైటులో చాసిస్ నంబరు వేసి, లోపమున్న తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగు మార్చారో లేదో చూసుకోవాలి. వేడి, తేమ ఎక్కువున్న చోట్ల ఏళ్ళు గడిచేకొద్దీ పాడై, ఆ ఎయిర్‌బ్యాగును ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లు పేలినప్పుడు ఇనుప ముక్కలు చిమ్మవచ్చు. మన మే నెల ఎండల్లో నిలబడ్డ కారు సంగతి వేరే చెప్పాలా?

టైరు పక్కన డాట్ అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు ఎంత లోతున్నా ఆరేళ్ళు దాటినవాటిని మార్చే ఖర్చు ధరలోంచి తీసేయండి.

చేయకూడనివి

ఒట్టు నమ్మొద్దు. "కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం సార్, మీటరు తిప్పలేదు" అంటారు. సత్యప్రమాణాలకు పేరుపడ్డ దేవుడు దగ్గర్లోనే ఉండడం మన బ్రోకర్లకు కలిసొచ్చిన సంగతి. స్వామిని అలా ఉండనిచ్చి సర్వీసు రికార్డు అడగండి. నలభై వేల కిలోమీటర్లే తిరిగిన బండికి బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరగదు.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేయకూడదు. మన రాష్ట్రంలో పెట్రోలు ధర చూసి, పక్క రాష్ట్రం బంకులో పోయించుకునే చిత్తూరు, పలమనేరు జనానికి ఈ యావ ఎక్కువ. నిజానికి ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు గేరులో ఉండి, ఇంజను వేడెక్కి ఉండగా యాక్సిలరేటరు వదిలితే పెట్రోలు పూర్తిగా కట్ అవుతుంది. న్యూట్రల్ చేస్తేనే ఇంజనును తిప్పి ఉంచడానికి కాలుతుంది. అంటే పెట్రోలూ మిగలదు, ఇంజను పట్టూ ఉండదు. ఇక ఇంజను ఆపేసి దిగితే బ్రేకు బూస్టరు రెండు మూడు నొక్కుళ్ళకే ఖాళీ, స్టీరింగ్ బరువెక్కుతుంది.

అలిపిరి క్యూలో, ఎత్తు మీద, యాక్సిలరేటరు సన్నగా నొక్కి కారును నిలబెట్టకూడదు. పోలో జీటీ టీఎస్ఐలోని 7 స్పీడ్ డీఎస్జీ వంటి డ్రై క్లచ్ గేరుబాక్సులకు ఆ అలవాటే యముడు. బ్రేకు మీద ఆపండి, ముందు బండి రెండు మూడు బారలు కదిలాక కదలండి. ఆ గేరుబాక్సు ఉన్న బండి కొంటుంటే క్యూలో ఇటూ అటూ కుదుపులొస్తున్నాయా అని టెస్ట్ డ్రైవులోనే చూడండి, దాని రిపేరు బిల్లు మామూలుగా ఉండదు.

శక్తి పెంచడానికి ఈసీయూ (ఇంజను కంప్యూటరు) రీమ్యాప్ చేయించిన బండి కొనకండి, కొన్నాక చేయించకండి. ఇంజను బలం పెరుగుతుంది, బ్రేకుల బలం పెరగదు. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా చేస్తే క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు. బుల్‌గార్డు ఉంటే పీకించేయండి, ఎయిర్‌బ్యాగు సెన్సార్లకు గుద్దు సరిగా అందనివ్వదు. సీట్లలో ఎయిర్‌బ్యాగులున్న కారుకు మామూలు సీటు కవర్లు బిగించొద్దు.

2023 ఏప్రిల్‌కు ముందు కార్లలో చాలావాటి రబ్బరు గొట్టాలు, సీళ్ళు ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొనేటప్పుడు బానెట్ ఎత్తి పెట్రోలు వాసన వస్తోందేమో చూడండి.

పూజ చేయించిన దండ అద్దానికి అడ్డంగా వేలాడుతుండగా కొండ దిగకూడదు. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు మూత ఉన్నచోట విగ్రహం అతికించకూడదు. ఎయిర్‌బ్యాగు పేలితే విగ్రహం పక్క సీటులో మనిషి మొహానికే వస్తుంది.

కాగితాలు తర్వాత చూద్దామని పూర్తి డబ్బు ఇవ్వకండి. ఏపీ 03 ఉంటే మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా బండి. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి నంబరు చూసి ఊరు చెప్పలేం. టీఎన్, కేఏ నంబర్లయితే అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, 12 నెలలు దాటితే మన నంబరు వేయించుకోవాల్సిందే. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్సు ఉంటే దాన్ని ఆర్సీలోంచి తీయించడానికి ఫారం 35 తీసుకోండి. బండి చేతికొచ్చిన 14 రోజుల్లో ఇన్సూరెన్సు మీ పేరుకు మార్పించుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. అమ్మేవాళ్ళకూ ఒక మాట: ఆర్సీలో పేరు మారకపోతే ప్రమాద పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న ఓనరుదేనని సుప్రీం కోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. చేతులు మారి నాలుగో మనిషి నడుపుతున్నా సరే.

ఫాస్టాగ్ కూడా అంతే. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి చెక్‌పోస్టు దగ్గర అది తప్పనిసరి చేశారు. పాత ఓనరు స్టిక్కరుతోనే తిరిగితే మొదట్లో డబ్బులు అతని ఖాతాలో కట్ అవుతాయి, అతను చూసుకుని ఆపేసిన రోజు మీరు కుటుంబంతో సహా గేటు దగ్గర నిలబడతారు. దాన్ని అతని చేతే మూయించి, మీ ఆర్సీ మీద కొత్తది తీసుకోండి.