‘ఇంట్లో చేస్తున్నారా?’ అని అడిగితే

“కరెంటు పెట్టించుకుని వస్తున్నా.” ఫిజియోథెరపీకి వెళ్లొచ్చేవాళ్లు మన దగ్గర తరచూ చెప్పే మాట ఇది. బల్ల మీద పడుకుంటారు, నడుముకో మోకాలికో ప్యాడ్లు అంటిస్తారు, పావుగంట జివ్వుజివ్వుమంటుంది, లేచి చెప్పులేసుకుని వచ్చేస్తారు. ఆ కరెంటు పెట్టడం దండగేమీ కాదు. నొప్పి కాసేపు తగ్గుతుంది, ఆ కాసేపట్లో వ్యాయామానికి వీలు చిక్కుతుంది. కానీ పట్టేసిన కీలును అది వంచదు, సన్నబడిన కండకు బలం తేదు. ఆ పని మనమే చేయాలి. వారానికి మూడు రోజులు, రోజుకో గంట వెళ్లారనుకోండి. వారంలో ఉన్న 168 గంటల్లో 165 గంటలు థెరపిస్టు కంటపడకుండానే గడుస్తాయి. వైద్యం ఫలించేదీ బెడిసేదీ ఆ గంటల్లోనే.

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఓపిక కావాలి, పట్టుదల కావాలి అని అందరూ చెబుతారు. నన్నడిగితే వాటికంటే ముందు కావలసింది ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం. దానికి పరీక్ష రెండో వారంలో వస్తుంది.

“ఇంట్లో చేస్తున్నారా అమ్మా?”

“ఆ, చేస్తున్నానండీ.”

మోకీలు మార్పిడి చేయించుకున్న పెద్దావిడ అనుకోండి. థెరపిస్టు ఆమె మోకాలి పక్కన గోనియోమీటరు పెట్టి, దాని ఒక పుల్లను తొడ వెంట, రెండోదాన్ని పిక్క వెంట సర్ది, కోణం చూస్తాడు. పోయిన వారం 75 డిగ్రీలు. ఈ వారమూ 75. ఇప్పుడతను ఏమనుకోవాలి? ఇచ్చిన వ్యాయామం చాలడం లేదనుకుని మోతాదు పెంచుతాడు. లేదా లోపల ఏదో అడ్డుపడుతోందేమోనని సర్జన్‌కు చూపించమంటాడు. అసలు సంగతి, ఇంటికి చుట్టాలొచ్చారు, నాలుగు రోజులు ఆమె వాళ్ల కబుర్లతోనే సరిపెట్టింది, వ్యాయామం ఊసే లేదు. మొహమాటానికి అన్న చిన్న మాట వైద్యాన్ని తప్పుదారి పట్టించింది. హోంవర్కు చేయని పిల్లలు లెక్కల మాస్టారి ముందు నిలబడ్డట్టు నిలబడతాం కనుక వస్తుంది ఈ చిక్కు. కసురుకునే థెరపిస్టులూ ఉన్నారు, కాదనను. అయినా “చేయలేకపోయానండీ. పది రకాలు చెప్పారు, నాకు కుదరడం లేదు. ముఖ్యమైనవి మూడు చెప్పండి” అనడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ మూడూ అతని ఎదుటే ఒకసారి చేసి చూపించి, మీ ఫోనులోనే వీడియో తీయించుకోండి. ఇంటికెళ్లాక కాలు ఎంత ఎత్తాలో, ఎన్ని అంకెలు లెక్కపెట్టాలో గుర్తుండదు.

నొప్పి విషయంలోనూ అంతే. సున్నా నుంచి పది దాకా ఎంత అని అడుగుతారు. కొందరు ఎప్పుడూ పదే అంటారు. ఇంకొందరు, ముఖ్యంగా మన మగవాళ్లు, పళ్లు బిగబట్టి “పర్లేదు” అంటారు. రెండు జవాబులూ పనికిరావు. అంకె తోచకపోతే సందర్భం చెప్పండి. పొద్దున లేవగానే ఎక్కువా, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, రాత్రి ఆ పక్కకు తిరిగితే మెలకువ వస్తోందా? ఇవి అంకె కన్నా ఎక్కువ చెబుతాయి. కొత్త వ్యాయామం మొదలుపెట్టాక ఒకటి రెండు రోజులు కండలు సలపడం మామూలే. మర్నాటికి కీలు వాచినా, సూదిలా పొడిచినా, తిమ్మిరి పెరిగినా మోతాదు ఎక్కువైందని గానీ చేసే తీరు తప్పిందని గానీ అర్థం, వెంటనే చెప్పాలి. ఆపరేషన్ తర్వాత పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, నడుం నొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పినా ఫిజియోథెరపీకి కాదు, తిన్నగా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మొదటి రోజు ఎక్కువసేపు ప్రశ్నలతో, కొలతలతో గడుస్తుంది. “ఏమీ చేయలేదు, కొలిచి పంపించేశాడు” అని విసుక్కోకండి. ఆ కొలతలు లేకపోతే నెల తర్వాత మెరుగుపడ్డామో లేదో తేలదు. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, వాడే మందుల చీటీ పట్టుకెళ్లండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, ఎముకలో రాడ్డో ప్లేటో ఉన్నా, గర్భిణి అయినా అడగక ముందే చెప్పండి, కొన్ని యంత్రాలు అలాంటివాళ్లకు పెట్టకూడదు. సుగర్‌తో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు వేడి కాపడం కాలుతున్నా తెలియదు. మోకాలికైతే వదులు ప్యాంటో పైజామానో వేసుకోవాలి. చీరతో ఆ వ్యాయామాలు కష్టం.

చాలామంది దాచేది ఇంకొకటుంది. పుత్తూరు కట్టు కట్టించుకున్నామనో, ఊళ్లో ఎవరితోనో మాలిష్ చేయించామనో చెబితే చిన్నచూపు చూస్తారని భయం. చెప్పితీరాలి. మోచేయి విరిగో తొలగో ఉన్నప్పుడు గట్టిగా మాలిష్ చేస్తే కండలోనే ఎముక గట్టిపడే ప్రమాదం ఉంది. మాలిష్ సంగతి తెలిస్తే థెరపిస్టు ఆ చేతిని బలవంతంగా లాగడు. అన్నట్టు, మాలిష్ చేసేవాళ్లందరూ ఫిజియోథెరపిస్టులు కారు. ఫిజియోథెరపీ నాలుగేళ్లకు పైగా సాగే డిగ్రీ చదువు. చదువెక్కడ అని అడగడంలో మర్యాదతక్కువ ఏమీ లేదు.

“నొప్పి తగ్గాలండీ” అంటే లక్ష్యం చెప్పినట్టు కాదు. చదునుగా ఉన్న నేల మీద నడవడానికి మోకాలు 60–70 డిగ్రీలు వంగితే సరిపోతుంది. మెట్లెక్కి దిగడానికి 90కి కాస్త అటూ ఇటూగా కావాలి. గొంతుక్కూర్చోవాలంటే 120 దాటాలి. కింద కూర్చుని వ్రతం చేసుకోవాలని మీ మనసులో ఉంటే ముందే చెప్పండి. మార్పిడి చేసిన మోకాలితో అలా కూర్చోవద్దని సర్జన్ అనవచ్చు. అప్పుడు పీట ఎంత ఎత్తుండాలో మాట్లాడుకోవచ్చు. అసలు కోరిక నోట్లోనే మింగేస్తే, నడక బాగుపడ్డా మీకు మాత్రం ఏమీ బాగుపడనట్టే ఉంటుంది.

భుజం పట్టేసినవాళ్లకు ఇలా ముందే మాట్లాడుకోవడం మరీ అవసరం. సుగర్ ఉన్నవాళ్లలో భుజం పట్టేయడం ఎక్కువ. జడ వేసుకోవడానికి చెయ్యి లేవదు, చొక్కా తొడుక్కోవడమే గండం. మొదట కొన్ని నెలలు నొప్పి, తర్వాత కొన్ని నెలలు బిగుసుకుపోవడం, ఆపైన మెల్లగా వదలడం, అంతా కలిపి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు. నొప్పి ముదిరి ఉన్న దశలో బలవంతంగా సాగదీస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. గోడ మీద వేళ్లను పైకి పాకించి, అందిన చోట పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాసుకోండి. రెండు వారాలకు బొటనవేలి వెడల్పంత పైకి పోతే అది మంచి లెక్కే.

ఇంట్లోవాళ్లకూ ఓ మాట చెప్పాలి. మనకు జబ్బంటే విశ్రాంతి. కోడలు కంచం మంచం దగ్గరికే తెస్తుంది, కొడుకు లేవనివ్వడు. కానీ పక్షవాతం తగిలిన చెయ్యి మళ్లీ దారికి రావాలంటే ఆ చెయ్యే పదేపదే పని చేయాలి. ఎవరో ముద్ద కలిపి నోట్లో పెడితే ఆ పని తప్పిపోతుంది. “ఒలికిపోయినా పర్లేదు, నన్ను తిననివ్వండి” అని పిల్లలకు చెప్పడం పెద్దవాళ్లకు సులువు కాదు. ఎన్నడూ ఎవరికీ అడ్డు చెప్పనివాళ్లు కూడా ఇక్కడ చెప్పక తప్పదు.

మానేసేవాళ్లు ఎక్కువగా రెండు చోట్ల మానేస్తారు. మొదటి వారం నొప్పి పెరిగినప్పుడు ఒకసారి, కొన్నాళ్లకు నొప్పి తగ్గినప్పుడు ఇంకోసారి. రెండోదే నాకు ఎక్కువ బాధ. నొప్పి తగ్గడం వేరు, బలం రావడం వేరు. మొదటి వారాల్లో కనిపించే మెరుగుదల చాలావరకు నరాలు కండను బాగా వాడుకోవడం నేర్చినందువల్ల వచ్చేది. కండ నిజంగా గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలైనా కావాలి. మూడో వారంలో మానేసి, పండక్కి ఊరెళ్లి, బియ్యం బస్తా ఎత్తి, నడుం పట్టుకుని తిరిగొస్తారు.

డబ్బు సంగతీ మొదటి రోజే అడగండి. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ అంటారు. ఇరవై ఎందుకు, మళ్లీ కొలతలు ఎప్పుడు తీస్తారు, ఎంత వంగితే లేదా ఎంత దూరం నడవగలిగితే ఇక రానక్కర్లేదంటారు? జబ్బును బట్టి అంచనా మారవచ్చని చెబుతూనే ఓ అంచనా ఇచ్చేవాళ్ల దగ్గర చేరండి. ధర తప్ప ఇంకేమీ చెప్పని చోట డబ్బు కట్టేముందు మరో చోట కూడా చూపించుకోండి.